పాటయు చరిత్రయు: కబర్దీయ రచయిత షోరా నోగ్మోవ్ గ్రంథ విమర్శ

ఈ సంచికకు వ్యాసము వ్రాయుమని సంఘమువారు కోరినప్పుడు, మన పూర్వుల వలసలను గూర్చియో, మన యిండ్లలో నిలిచియున్న పలుకుబడులను గూర్చియో వ్రాయుదునని తలచియుందురు. ఆ పని నాకంటె సమర్థులు చేయగలరు. నేనెన్నుకొన్నది దూరదేశపు విషయము. కాకసస్ పర్వతముల ఉత్తరపు వాలులందు వసించు కబర్దీయులను జాతివారికి షోరా నోగ్మోవ్ అనునతడు పందొమ్మిదవ శతాబ్దిలో ఒక చరిత్ర వ్రాసెను. దానిని చరిత్రగా చదువవలెనా, పాటల పుస్తకముగా చదువవలెనా అనునదే నేనిచ్చట విచారింపబూనిన ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయమున పుట్టినది కాదు. తమిళనాట ఒక అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో ఇరువది యేండ్లుగా తెలుగు చెప్పుచున్నాను. నావద్ద చదివిన బాలుడొకడు పెద్దవాడై, వైద్యవిద్యకై రష్యాకు పోయి, కబర్దీయుల ముఖ్యపట్టణమగు నాల్చిక్‌లో ఆరేండ్లు గడపి వచ్చెను. వచ్చినవాడు నన్ను చూడవచ్చి, అచ్చట ఒక పెండ్లిలో తాను విన్న పాట సంగతి చెప్పెను. ఆ పాటలో 'వొరెదాదె' అను పదము పల్లవివలె మాటిమాటికి వచ్చునట. దాని అర్థమేమని అడుగగా, తోటి విద్యార్థి ఒకడు అది వేయేండ్లక్రిందట మోసమున చంపబడిన తమ వీరుని పేరనెను. వేరొకడు అది వట్టి ఊతపదమనెను. "వీరిలో ఎవరి మాట నిజము, సార్?" అని మావాడు నన్నడిగెను. మొదటివాడు చెప్పినది నోగ్మోవ్ పుస్తకములోని మాట. ఆ పుస్తకమును మావాడే వెంట తెచ్చెను. నాకు రష్యను అక్షరములు కూడబలుకుకొనుటకు మించి రాదు. వేసవి సెలవులలో సాయంకాలములందు అతడు చదివి అర్థము చెప్పుచుండగా నేను వ్రాసికొన్న విషయములే ఈ వ్యాసమునకు ఆధారము. అనువాదమును నమ్మి విమర్శించువాని పరిమితులు నాకును కలవని పాఠకులు గుర్తింపవలెను.

కబర్దీయులు సర్కేషియను జాతిలో తూర్పు శాఖవారు. సర్కేషియనులను పేరు ఇతరులు పెట్టినది. తమను తాము వారు 'అదీగె' అందురు. తమిళులు మనలను వడుగులనిరి, మనము తెలుగువారమంటిమి. కావున ఈ రెండు పేళ్ల బ్రతుకు మనకు క్రొత్త కాదు. తేరెక్, బక్సాన్, మల్కా నదుల లోయలు వారి సీమ. 5,642 మీటర్ల ఎత్తుగల ఎల్‌బ్రుస్ శిఖరము వారి కనుచూపు మేరలోనిది. రష్యాలో కబర్దీయులు నేడు ఐదు లక్షలకు పైబడి యున్నారు. అందు అధికులు కబర్దీనో-బల్కార్ గణతంత్రమున, బల్కారులను వేరొక జాతివారితో కలిసి వసించుచున్నారు. 1557లో కబర్దీయ ప్రభువగు తెమ్ర్యూక్ మాస్కో జారైన నాలుగవ ఇవానుతో మైత్రి చేసికొనెను. 1561లో అతని కూతురు ఇవానుకు రెండవ భార్య యయ్యెను. ఇట్లు వియ్యముతో బలపడిన పొత్తు 1763లో రష్యనులు మొజ్దోక్ కోట కట్టుటతో వైరముగా మారెను. అటుపిమ్మట దాదాపు అరువది యేండ్లు పోరు సాగెను. మహామారి వచ్చి ఊళ్లను తుడిచిపెట్టెను. 1822లో సేనాని యెర్మోలోవ్ కబర్దా నడుమ కోటల వరుసను నిలిపి దాని నడుము విరిచెను. నాల్చిక్ అట్టి కోటలలో నొకటి. పడమటి సర్కేషియనులు 1864 వరకు పోరాడి ఓడిరి; వారిలో లక్షలకొలది జనము ఉస్మానీయ సామ్రాజ్యమునకు తరిమివేయబడెను. కబర్దీయులలోను అనేకులు వెడలిపోయిరి. తుర్కీలోని ఉజున్‌యాయ్లా పీఠభూమి గ్రామములందును, జోర్డానులోని అమ్మాను నగరమందును వారి సంతతి నేటికిని కలదు.

ఈ జాతిని లోకము ముందుగా ఇతరుల వ్రాతలలోనే చదివినది. పుష్కిన్ 1822లో ప్రకటించిన 'కాకసస్ బందీ' కావ్యమున సర్కేషియనులు బందీని పట్టుకొన్న వీరులు, వానిని విడిపించిన కన్నియ. కావ్యము చివర కవి యెర్మోలోవ్‌ను కీర్తించుట మరువలేదు. లేర్మొంతోవ్ 1832లో వ్రాసిన 'ఇజ్మాయిల్-బే' కావ్యమున నాయకుడే కబర్దీయ ప్రభువు. రష్యను సైన్యమున కొలువు చేసి తిరిగి తనవారిలోనికి వచ్చిన ఇజ్మాయిల్-బే అతాజూకిన్ చరిత్రమందలి మనిషి. లేర్మొంతోవ్ ఆ జాతిపై మిక్కిలి సానుభూతి చూపెను, సందేహము లేదు. కాని ఆ నాయకుని నోట వెలువడు నిర్వేదము పీటర్స్‌బర్గ్ యువకునిదే గాని బక్సాన్ లోయవానిది కాదని నాకు తోచుచున్నది. ఇక అమెరికాలో బార్నమ్ అను వినోదవ్యాపారి, సర్కేషియనులు తమ నేలనుండి తరుమబడిన ఆ కాలముననే, జుట్టు విరబోసిన యువతులను 'సర్కేషియా సుందరు'లని పేరు పెట్టి టిక్కెట్టు అమ్మి చూపించెను. దానిని గూర్చి ఇంతకంటె వ్రాయుటకు నా కలము సాగదు.

ఇట్టి స్థితిలో ఆ జాతికి చెందిన ఒకడు తనవారి కథను తానే చెప్పబూనెను. ఆయన కథ కొంత చెప్పవలెను.

షోరా నోగ్మోవ్ 1794లో ప్యాతిగోర్స్క్ సమీపమున ఒక పల్లెలో పుట్టెను. దాగిస్తానులోని యెందెరీ గ్రామపు మతపాఠశాలలో చదివి, కొంతకాలము ముల్లాగా నుండి, ఆ వృత్తి విడిచి రష్యను కొలువులో చేరెను. అరబ్బీ, తుర్కీ, పారసీ, రష్యను భాషలు ఆయన కభ్యస్తములు. నాల్చిక్ కోటలో ఆయన కొంతకాలము బడిపంతులు. ఆ బడిని గూర్చి రెండు మాటలు చెప్పక నేను ముందునకు పోజాలను. కొండజాతుల ప్రభువంశములు తిరుగబడకుండుటకై వారి బిడ్డలను రష్యనులు తమవద్ద జామీనుగా ఉంచుకొనుచుండిరి. ఆ జామీను పిల్లలకు రష్యను చదువు చెప్పుట నోగ్మోవ్ పని. పిల్లలు తమ యిండ్ల మాట మాట్లాడువారు. పంతులుదియు అదే మాట. చదువు మాత్రము కోట యజమానుల భాషలో. ఆ గదిలో పంతులు ఎవరి పక్షమున నిలిచియుండెను? గ్రంథము నిండ ఈ ప్రశ్న నన్ను వెంటాడెను. ఆయనను ద్రోహియని నేనెన్నడును అనజాలను. స్వతంత్రుడని చెప్పుటయు సాధ్యము కాదు.

1830లో ఆయన పీటర్స్‌బర్గుకు పోయి, కాకసస్ కొండజాతులవారితో ఏర్పరచిన అశ్వదళమున చేరి సైనికోద్యోగి యయ్యెను. విద్యాపీఠ పండితుడగు ష్యోగ్రెన్‌తో పరిచయమై, భాషాశాస్త్రపు పద్ధతి కొంత నేర్చెను. 1838లో నాల్చిక్ న్యాయసభకు కార్యదర్శిగా వచ్చెను. ప్రజలు తమ తగవులతో వచ్చిరి. వృద్ధులు సాక్ష్యములతో వచ్చిరి. సాక్ష్యముల వెంట పాత కథలును వచ్చియుండును. 1840 నాటికి కబర్దీయ వ్యాకరణ మొకటి పూర్తిచేసెను. 1844లో తన వ్రాతప్రతులను విద్యాపీఠమువారికి చూపుటకై పీటర్స్‌బర్గుకు మరల పోయి, జూను నెలలో అచ్చటనే కన్నుమూసెను. ఆయన జీవించియుండగా చరిత్ర అచ్చుమొగము చూడలేదు.

తిఫ్లీసులోని అదాల్ఫ్ బెర్జె అను ప్రాచ్యవిద్యాపండితుడు 1861లో దానిని ప్రకటించెను. రష్యను ముద్రణకు 'కబర్దీయుల ఐతిహ్యములనుబట్టి కూర్చిన అదీగె జాతి చరిత్ర' అని అర్థమిచ్చు పేరు. ఐదేండ్లు గడచిన పిదప, 1866లో, అదే బెర్జె దానిని జర్మను భాషలో లైప్జిగ్ నగరమున ప్రకటించెను. అప్పుడు పుస్తకమునకు పెట్టిన పేరునకు 'సర్కేషియను జాతి గాథలు, పాటలు' అని అర్థము. పుస్తకమొకటే, రష్యను పాఠకునకు చరిత్ర, జర్మను పాఠకునకు పాటలు. బెర్జె దీనిని పనిగట్టుకొని చేసెనో, అమ్మకము చూచుకొని చేసెనో గాని, విమర్శకుడు చేయవలసిన ప్రశ్నను ఆయన రెండు పేళ్లలో ముందే వేసియుంచెను.

మొదట చరిత్రయను పేరును పరీక్షింతము. నోగ్మోవ్ తన జాతిపేరగు 'అదీగె' అను శబ్దమును, ప్రాచీన గ్రీకు చరిత్రకారులు పేర్కొన్న 'ఆంతు'లను జాతినుండి తెచ్చెను. ఆంతులు స్లావు జాతులతో సంబంధించినవారని పండితుల అభిప్రాయము. ధ్వనిసామ్యము తప్ప నోగ్మోవ్ వ్యుత్పత్తికి బలము లేదు. ఐనను త్రిలింగ శబ్దమునుండి తెలుగు పుట్టినదని తరతరములుగా వల్లించిన మనకు ఆయనను చూచి నవ్వు అధికారము లేదు. పెద్దరాజ్యముల నీడలో నున్న జాతి తన పేరునకు పాతగ్రంథములలో చోటు వెదకుట సహజము. ఆ వెదకులాట ఎవరి మెప్పునకు జరుగుచున్నదో చూడవలెను. రష్యను విద్యాపీఠమువారికి గ్రీకు, లాటిను పుస్తకములే ప్రమాణములు. వారి ముందు నిలుచుటకు నోగ్మోవ్ ఆ దుస్తులు తొడిగెను.

బక్సాన్ కథయు నట్టిదే. దావో అను ప్రభువునకు ఎనమండ్రు కొడుకులు, ఒక కూతురు. పెద్దవాడైన బక్సాన్‌ను, తమ్ములతోను ముఖ్యులైన వీరులతోను కూడ గోథుల రాజు చంపెను. చెల్లెలు అన్న జ్ఞాపకార్థము శిలావిగ్రహము నిలిపెను. పాటలో ఇంతవరకు చక్కగా నున్నది. కాని నోగ్మోవ్ ఎతోకా యేటి దరినున్న ఒక శిలావిగ్రహమును చూపి, అది ఇదే యనియు, కథ నాలుగవ శతాబ్దిదనియు చెప్పెను. ఆ విగ్రహము నేడు మాస్కో మ్యూజియములో నున్నది. దానిపైని గ్రీకులిపి శాసనమును తరువాతి పండితులు పండ్రెండవ శతాబ్దిదిగా నిర్ణయించిరి. కాలము ఎనిమిది వందల యేండ్లు తప్పినది. చెల్లెలి శోకము తప్పలేదని కొందరందురు. నేను అంత సులభముగా క్షమింపజాలను. ఆమె శోకమునకు రాయి అవసరము లేదు. రాయిని చూపుటచే నోగ్మోవ్ పాటను న్యాయస్థానమునకు ఈడ్చెను, అచ్చట అది ఓడినది.

ఇక మా పూర్వవిద్యార్థి అడిగిన పదము. 1022వ సంవత్సరపు సంగతిగా రష్యను ప్రాచీన వృత్తాంతమున ఒక ద్వంద్వయుద్ధము కలదు. త్ముతరకాన్ ప్రభువగు మ్‌స్తిస్లావ్, కసోగుల ప్రభువగు రెదెద్యా సేనలతో ఎదురుపడిరి. కసోగులనగా అదీగె పూర్వులు. సేనలను చంపుకొననేల, మనమిద్దరమే పెనగులాడుదము, గెలిచినవాడు ఓడినవాని సొత్తును, ఆలుబిడ్డలను, నేలను గైకొనునని రెదెద్యాయే ప్రతిపాదించెను. రెదెద్యా మహాకాయుడు. చాలసేపు పెనగి అలసిన మ్‌స్తిస్లావ్ దేవమాతకు మ్రొక్కుకొని, అతనిని నేలకూల్చి, కత్తి తీసి పొడిచెను. మ్రొక్కు ప్రకారము గుడి కట్టించెను. వృత్తాంతము వ్రాసిన సన్యాసులకు ఇది దైవకృప. 'ఈగోర్ దండయాత్ర' కావ్యారంభమున, ప్రాచీన గాయకుడగు బొయాన్ ఎవరెవరిని కీర్తించెనో చెప్పు పట్టికలో ఈ మ్‌స్తిస్లావ్ పేరును కలదు. గెలిచినవానికి గాయకుడు దొరకెను.

ఓడినవారి మాట నోగ్మోవ్ పుస్తకమున వినబడును. పట్టుదప్పి పడినవానిని కత్తితో పొడుచుట వీరధర్మమా అను ప్రశ్న అచ్చట కథ నడుమ నిలిచియున్నది. ఆయన కథ రెదెద్యా చావుతో ఆగదు. కొన్నాళ్లకు అదీగెలు పగ తీర్చుకొనిరని సాగును. పెండ్లిలోను, కోతలలోను పాడు పల్లవిపదము ఆ వీరుని పేరేయని ఆయన నిర్ణయము.

ఈ నిర్ణయము నిలుచునా? కబర్దీయ భాషలో పాటకు 'వొరెద్' అని పేరు. పల్లవిపదము ఆ మాటనుండి పుట్టియుండుటకే అవకాశము హెచ్చు. మన దంపుళ్లపాటలోని 'సువ్వి'కి, సంక్రాంతి పాటలోని 'గొబ్బిళ్లో'కు ఎవరైన పండితుడు ఒక రాజును వెదకి తెచ్చినచో మనమేమందుము? కనుక శబ్దశాస్త్రము రెండవ విద్యార్థి పక్షము. మావానికి నేనిదే చెప్పితిని. అతడు తృప్తిపడలేదు. "పెండ్లిలో చచ్చినవాని పేరెందుకు తలచుకొందురని నేనడిగితిని, సార్. పిల్ల పుట్టినప్పుడు మీరు తాత పేరు పెట్టుకోరా అని వాడనెను," అని బదులు చెప్పెను. ఆ మాటతో నా ప్రశ్న రూపు మారినది. పదము ఎక్కడ పుట్టినదను విషయమున నోగ్మోవ్ పొరబడి యుండును. కాని ఆయన పుస్తకము వెలువడి నూటఅరువది యేండ్లు దాటిన పిదపను, నాల్చిక్‌లో ఒక యువకుడు పెండ్లిపాటలో ఆ పేరును వినుచున్నాడు. పుస్తకము పాటకు అర్థము కల్పించినది. ఇప్పుడు ఆ అర్థమును పాటలో భాగమే. ఇది చరిత్రకారుడు చేయు పని కాదు. గాయకుడు చేయు పని.

కబర్దీయులలో 'జెగువాకో' అను గాయకవర్గ ముండెను. వారు సేనలవెంట నడచి వీరులను పురికొల్పిరి, యుద్ధానంతరము కీర్తియో అపకీర్తియో పాటకట్టిరి. మన కారెమపూడి వీరవిద్యావంతులను తలచుకొనిన వారి స్థానము మనకు కొంత తెలియును. జెగువాకో పాటకు ప్రభువులు భయపడిరి. ఎందుకనగా ఆ పాట తేదీని గుర్తుంచుకొనదు, తీర్పును గుర్తుంచుకొనును. ఎవరు నిలిచిరి, ఎవరు పారిరి, ఎవరు విందుకు పిలిచి చంపించిరి అనునవి దాని విషయములు. అందెమిర్కాన్ అను వీరుని పాటలు దీనికి మంచి ఉదాహరణము. తల్లి తక్కువ కులముది. బలమున ప్రభువులను మించినవాడు. ఆ ఓర్వలేనితనమునకే మోసమున బలియైనవాడు. అతడు ఏ యేట చచ్చెనో పాటకు పట్టదు. చంపించినవారి వంశమునకు మాత్రము ఆ పాట వినబడినచోటెల్ల తలవంపు.

తమిళనాటి మనకిది అపరిచితము కాదు. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీయబడిన పాంచాలంకురిచ్చి కట్టబొమ్మనను గూర్చిన పాటలు మన పిల్లలు తమిళమున వినుచున్నారు. పాటలును, నాటకములును, 1959 నాటి చలనచిత్రమును కలసి ఎట్టయాపురపు పాళెగానికి ద్రోహియను తీర్పు వ్రాసినవి. ఎట్టప్పన్ అను పేరే తమిళమున ద్రోహికి పర్యాయపదమైనది. రెండు పాళెములును తెలుగు మాట్లాడు కంబళత్తు నాయకులవే. చరిత్రకారులు పత్రములు చూపి ఎంత వాదించినను ఆ తీర్పు మారదు. మన యింటి తగవునకు పొరుగుభాష పాట తీర్పరి యైనదని నేను తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు నవ్విరి. ఒక బాలిక మాత్రము నవ్వలేదు; ఆమెది ఎట్టయాపురపు ప్రాంతమట.

పాటను శాసనముగా చదివినచో కలుగు చిక్కు కబర్దాలోను కలదు, అచ్చట అది నవ్వులాట కాదు. 1708లో కన్‌జాల్ కొండవద్ద కబర్దీయులు క్రిమియా ఖాను సేనను ఓడించిరి. నోగ్మోవ్ దానిని వర్ణించెను. మొల్దావియా ప్రభువగు కాంతెమిర్ వంటి సమకాలికుల వ్రాతలందును ఆ యుద్ధ ప్రసక్తి కలదు. కన్‌జాలుకు పోవు దారిలో నేడు కెందెలెన్ అను బల్కారుల గ్రామమున్నది. మూడు వందలయేండ్ల ఉత్సవమునకు 2008లోను, మరల 2018లోను కబర్దీయ ఆశ్వికులు ఊరేగింపుగా పోగా గ్రామస్థులు అడ్డగించిరి, ఘర్షణలు జరిగినవి. విజయమును స్మరించుట కబర్దీయులకు హక్కు. కాని బల్కారులను 1944లో స్టాలిను ప్రభుత్వము మూకుమ్మడిగా మధ్యఆసియాకు తరలించినది. 1957లో గాని వారికి తిరిగివచ్చు అనుమతి కలుగలేదు. పదమూడేండ్లు తమ నేలను కోల్పోయినవారి చెవికి, 'ఈ కొండపై మా తాతలు గెలిచిరి' అను పాట 'ఈ కొండ మాది' అని వినబడును. పాట పాడినవాడు ఆ రెండవమాట అనలేదు. దానిని చరిత్రపుస్తకముగా మార్చి పట్టుకొని నడచినప్పుడే ఆ రెండవమాట వచ్చి చేరినది. నోగ్మోవ్‌ను దీనికి బాధ్యుని చేయుట అన్యాయము. కాని జర్మను ముద్రణ పేరే నిలిచియుండినచో బాగుండునని నాకు పలుమారు తోచినది.

ఇంతకంటె పెద్ద లోపము వేరొకటి కలదు. వ్యుత్పత్తులను ఎత్తిచూపు పండితులు దానిని తగినంత పట్టించుకొన్నట్లు లేదు. ఈ గ్రంథమున గాయకుడు కనబడడు. పాటలలో అధికభాగము రష్యను వచనమున సారాంశముగా లభించును. ఏ ఊరివాడు పాడెను, ఏ సందర్భమున పాడెను, పాఠాంతరము లేమి అనునవి సాధారణముగా తెలియవు. కాలమునుబట్టి ఆయనను క్షమింపవచ్చునందురా? క్షమింపవచ్చును. ఐనను నష్టము నష్టమే. నార్తులను పురాణవీరుల గాథలను, రాతినుండి పుట్టిన సొస్రుకో కథలను, హదగాత్ల అను పరిశోధకుడు 1968 నుండి 1971 వరకు మైకోప్ నగరమున ఏడు సంపుటములుగా ప్రకటించెను. ఒక్కొక్క గాథకు పెక్కు పాఠములు అందు చూడవచ్చును. ఆ సంపుటములను తలచుకొని నోగ్మోవ్‌ను చదివినచో, ఒకే గొంతుతో నడచు ఆ రష్యను వచనము వెనుక ఎన్ని గొంతులు అణగిపోయినవోయని మనసు చివుక్కుమనును.

గొంతులు ఏల అణగినవి? వానిని పట్టుటకు అక్షరములు లేవు. కబర్దీయ భాషలో హల్లులు నలుబదియెనిమిది వరకు గలవు. అచ్చులు మిక్కిలి తక్కువ, అసలు అచ్చులే ప్రత్యేకముగా లేవని చెప్పవచ్చునని కైపర్స్ అను డచ్చి పండితుడు 1960లో వాదించెను. అట్టి భాషను అరబ్బీ లిపిలోను, రష్యను లిపిలోను ఇముడ్చుటకు నోగ్మోవ్ శ్రమపడెను. కాజీ అతాజూకిన్ 1865లో వాచకము ప్రకటించెను. 1923లో లాటిను లిపి వచ్చినది. పదమూడేండ్లకే, 1936లో, దానిని త్రోసి రష్యను లిపి వచ్చినది. ఇప్పటి లిపిలో ఒక్క ధ్వనికి నాలుగు గుర్తులు వరుసగా వ్రాయవలసిన చోటును కలదు. అక్షరమే భాషకు ప్రాణమని నేను పిల్లలకు చెప్పుచుంటిని. తెలుగు పాటను తమిళాక్షరములలో వ్రాసికొనిన పిల్లను మందలించినవాడను. లిపి మాటిమాటికి మారినను నాల్చిక్‌లో భాష నిలిచినది. ఉజున్‌యాయ్లాలో లిపి తగవు అట్లుండగా మాటయే తుర్కీలోనికి జారిపోవుచున్నది. ఇప్పుడు ఆ పిల్లను మందలింతునా? నా మనసు ఇంకను తేలలేదు.

కబర్దీయ భాషలోనే కవిత్వము వ్రాసి నిలిపిన అలీ షొగెన్‌త్సుకోవ్ (1900-1941) సైతము బడిపంతులే. బక్సాన్‌లోను, బఖ్చిసరాయిలోను, ఇస్తాంబులులోను చదివి, ఊరికి తిరిగివచ్చి పిల్లలకు చదువు చెప్పెను. పేదవారి ప్రేమకథయగు 'కంబోత్, లాత్సా' ఆయన పద్యనవల. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులకు బందీయై బబ్రూయిస్క్ నిర్బంధశిబిరమున 1941లో మరణించెను. ఆయన కావ్యములను విమర్శించు అర్హత నాకు లేదు. పద్యమును సారాంశమునుబట్టి తూచరాదు. ఐనను నోగ్మోవ్ మానిన పని, అనగా తన మాటలోనే చెప్పుట, ఆయన చేసెనని చెప్పవచ్చును.

మానెనని వ్రాసితిని. తొందరపాటు. నోగ్మోవ్ ఆ పనియు చేసెను. అదియే ఆయన వ్యాకరణము. తనవెనుక తనకంటె నేర్పరి యైనవాడు మాతృభాషపై ప్రేమతో ఈ పనిని సాగించుగాక యని అందు ఆయన కోరుకొనెను. రెండు వ్రాతప్రతులకును పట్టిన గతిని పోల్చి చూడుడు. చరిత్ర, కర్త మరణించిన పదునేడేండ్లకు అచ్చయ్యెను, మరి ఐదేండ్లకు లైప్జిగుకు పోయెను. ప్రభువులు, గోథులు, ద్వంద్వయుద్ధములు కోరు పాఠకులు దానికి దొరకిరి. 1840లో ముగిసిన వ్యాకరణము 1956లోను 1959లోను నాల్చిక్‌లో తుర్చనీనోవ్ ప్రకటించిన రెండు సంపుటముల భాషాగ్రంథములతో గాని వెలుగు చూడలేదు. పిల్లవానికి మాట నేర్పు పుస్తకము నూటపదునారేండ్లు పెట్టెలో నుండెను. 2018లో రష్యాలో వచ్చిన చట్టసవరణతో, మాతృభాషను బడిలో చదువుట తల్లిదండ్రుల ఇష్టమునకు విడువబడినది. ప్రతి జూనులోను తెలుగు తరగతికి ఎందరు వచ్చెదరో యని లెక్కించుకొను పంతుళ్లకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ రెండు సంపుటములలో మొదటిదాని నకలు సంపాదింపుమని మావానికి చెప్పితిని. నాల్చిక్‌లోని తన సహాధ్యాయికి, పల్లవిలో వీరుని పేరు విన్నవానికే, వ్రాసెదననెను. ఆ సహాధ్యాయికి తన భాషను చదువుట వచ్చును గాని వ్రాయుట అలవాటు తప్పినదట.